నాడె దెబ్బ, తూటా దెబ్బ

ముంబై ఫాక్‌లాండ్ రోడ్డులో జింకల వేటకని తుపాకి కొనేవాళ్ళు కనపడరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన కొత్తలో లైసెన్సు తీసుకుని కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఇవాళ దుప్పిని కొట్టినా కృష్ణజింకను కొట్టినా కేసే, జైలే. ఆ రోడ్డుకు ఇప్పుడు కాగితాల మీద పేరు పఠ్ఠే బాపూరావ్ మార్గ్. కానీ 1848 నుంచి 1853 దాకా బొంబాయి గవర్నరుగా చేసిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరును జనం వదల్లేదు. టాక్సీవాడికి పాత పేరే చెప్పాలి.

అయినా ఈ అధ్యాయానికి మూలమైన ప్రశ్న తుపాకి గురించే. వినికిడి అప్పటికే తగ్గిన మనిషి జింకల వేటకు రైఫిల్ కొనాలనుకుంటే, చెవికి తక్కువ చేటు చేసేది ఏది? ఫిన్లండ్, నార్వే, అమెరికా లాంటి చోట్ల వేట చట్టం ఒప్పుకున్న పని. అక్కడ చెవి మందగించిన వేటగాళ్ళకు ఇది నిజమైన సమస్య. దాన్ని ఫాక్‌లాండ్ రోడ్డు పక్కనున్న కామాఠీపుర గల్లీల్లోకి లాక్కురావడానికి నాకు రెండు కారణాలున్నాయి. తుపాకి చప్పుడు చెవిని ఎలా పాడుచేస్తుందో తెలియాలంటే మిల్లులో సాంచా (మరమగ్గం) చప్పుడు ఎలా పాడుచేసిందో పక్కన పెట్టి చూడాలి. ఆ సాంచా చప్పుడు ఇక్కడి వరస గదుల చాళ్ళలోని తెలుగువాళ్ళు తరాలపాటు మోసింది. రెండో కారణం ఒక మాట. దీపావళి నాడు గల్లీలో సుత్లీ బాంబు పేలుతుంటే చాల్ మెట్ల మీంచి కదలని మిల్లు తాతలు అనే మాట: "నాకెట్లనన్న ఇనస్తలేదు బిడ్డా, ఇగ పటాకి నన్నేం జేస్తది?" చెవి పోయిన వేటగాడు కూడా తుపాకి ఎత్తేముందు లోపల అనుకునేది ఇదే. ఈ మాట తప్పు. ఎంత తప్పో చూపించడమే నా ఉద్దేశం.

ముందు ఆ తాతలు ఎక్కడివాళ్ళో రెండు ముక్కలు. కామాఠీలు తెలుగు నేల నుంచి, ముఖ్యంగా నిజాం రాజ్యపు జిల్లాల నుంచి, ఇళ్ళు కట్టే పనికి బొంబాయి వెళ్ళినవాళ్ళు. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు నీరు లోపలికి రావడం ఆగాక, ఆ పల్లపు నేలలో వాళ్ళ బస్తీ లేచింది. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ పెట్టిన కంపెనీ తాలూకు నూలు మిల్లు, నగరంలో మొట్టమొదటిది, 1856లో తాడ్‌దేవ్‌లో తిరగడం మొదలైంది. కామాఠీపుర నుంచి అది నడిచి వెళ్ళే దూరం. తరవాత్తరవాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మగ్గం విద్యను చేతుల్లో పెట్టుకుని వచ్చి మిల్లుల సాంచా ఖాతాల్లో (మగ్గాల విభాగాల్లో) చేరారు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని తెలంగాణ వలసను మూడు ముక్కల్లో చెప్పుకుంటాం కదా, అందులో మొదటి ముక్క ఇది. మగవాళ్ళు భోంగా మోగగానే మిల్లుకు పోతే, ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళు ఖోలీలో కూచుని బీడీలు చుట్టేవాళ్ళు. ఒకే సంసారంలో ఒకరిది నగరంలోకెల్లా చప్పుడెక్కువ పని, ఇంకొకరిది ఆకు గలగల తప్ప ఏమీ వినపడని పని. ఇరవై ముప్పై ఏళ్ళు గడిచాక ఆ ఇద్దరి మధ్య మాటల్లో వచ్చే తేడాకు కోపమూ కారణం కాదు, వయసు ఒక్కటే కూడా కాదు.

సాంచా ఎందుకంత మోగుతుంది? పడుగు పోగుల మధ్య పేకను మోసుకుపోయే నాడె ఉంటుంది కదా, రెండు కొనలకూ ఇనుప మొనలున్న బరువైన చెక్క ముక్క. చేమగ్గం మీద దాన్ని నేతగాడు తాడు లాగి పంపుతాడు. మిల్లు సాంచాలో ఒక కర్ర దాన్ని ఈడ్చి కొడుతుంది. నాడె ఎగిరి అవతలి పెట్టెలో ధడాలున ఆగుతుంది. వెంటనే అక్కడి కర్ర దాన్ని తిరిగి కొడుతుంది. నిమిషానికి 160 సార్లు అనుకుంటే ఎనిమిది గంటల షిఫ్టులో ఒక్క సాంచా మీద 76,800 దెబ్బలు. అలాంటివి ఒక షెడ్డులో వందల కొద్దీ. ఏ రెండూ ఒకేసారి కొట్టవు గనక ఆ దెబ్బలన్నీ కలిసిపోయి ఆగని హోరైపోతాయి. నాడె సాంచాల షెడ్డులో శబ్దం దాదాపు 100 డెసిబెల్స్ ఉంటుంది.

డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపవుతుంది, 10 పెరిగితే పదింతలవుతుంది. ఎదురెదురుగా కూచుని మాట్లాడుకునే మాట 60. అంటే సాంచా ఖాతా హోరు మాట కన్నా శక్తిలో పదివేల రెట్లు. అందుకే అక్కడ నోటి మాట పనికిరాదు, పెదవుల కదలిక, చేతి సైగ పనికొస్తాయి. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లు ఆడవాళ్ళయితే పెదవులతోనే పూర్తిగా ముచ్చట్లు చెప్పుకునే పద్ధతి ఒకటి తయారుచేసుకున్నారు.

వేట రైఫిల్ పేలినప్పుడు కాల్చినవాడి చెవి దగ్గర శిఖర స్థాయి 155 నుంచి 170 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఈ అంకె 100 పక్కన పెడితే పెద్ద తేడాలా కనపడదు. గాలి ఒత్తిడిలో చెబితే తెలుస్తుంది. మాట 60 డెసిబెల్స్ అంటే 0.02 పాస్కల్. సాంచా 100 అంటే 2 పాస్కల్. రైఫిల్ 160 అంటే 2,000 పాస్కల్. మన చుట్టూ ఉన్న గాలి పీడనమే సుమారు 1,01,000 పాస్కల్. అందులో రెండు శాతం ఉన్నట్టుండి చెవి గూబ మీద పడి పోతుంది.

అది ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లే కదా అనొచ్చు. సరే, శక్తి లెక్క చూద్దాం. 160 డెసిబెల్స్ 2 మిల్లీసెకన్ల పాటు నిలిచిందనుకుందాం. 100 డెసిబెల్స్ హోరు అంత శక్తిని చెవిలో పొయ్యాలంటే 2,000 సెకన్లు, అంటే 33 నిమిషాలు పడుతుంది. ఇది మోటు లెక్క. శిఖరం అంతసేపు అలాగే నిలవదు. అయినా తూకం అందుతుంది: ఒక్క గుండు సాంచా ఖాతాలో అర్ధగంట. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలకు హద్దుగా పెట్టి, ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయాన్ని సగం చేస్తుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌లో ఉండదగింది రోజుకు 15 నిమిషాలు. మన ఫ్యాక్టరీల నిబంధనలు మెతక. ఎనిమిది గంటలకు 90, ప్రతి 5 డెసిబెల్స్‌కూ సగం చొప్పున 100 డెసిబెల్స్‌లో రెండు గంటలు ఒప్పుకుంటాయి. మిల్లు నేతగాడు ఉన్నది ఎనిమిది గంటలు. ఏ లెక్క తీసుకున్నా అతని చెవి రోజూ అప్పులోనే ఉంది.

శక్తి ఒకటే అయినా రెండు దెబ్బలూ ఒకటి కావు. మధ్య చెవిలో కర్ణాస్థులను బిగించే చిన్న కండరం ఉంది, స్టెపీడియస్ అంటారు. పెద్ద చప్పుడు రాగానే అది బిగుసుకుని లోపలికి పోయే కదలికను కొంత తగ్గిస్తుంది. కానీ అది బిగుసుకోవడానికి పదుల మిల్లీసెకన్లు కావాలి. ఆగని సాంచా హోరులో అది ఎంతో కొంత పనికొస్తుంది, తరవాత అలసిపోతుంది. తుపాకి విషయంలో అది కదిలేలోపే అంతా అయిపోయి ఉంటుంది. 140 డెసిబెల్స్ శిఖరం దాటాక ఇంకో తేడా కూడా వస్తుంది. సాంచా చెవిని అరగదీస్తుంది, తుపాకి చింపేస్తుంది. మొదటిదానికి ఏళ్ళు కావాలి. రెండోదానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. 1860లో లండన్ చెవి వైద్యుడు జోసెఫ్ టాయిన్‌బీ, కుడి భుజం మీంచి తుపాకి పేల్చే వేటగాళ్ళకు ఎడమ చెవి ఎక్కువ పోతోందని రాశాడు. కుడి భుజానికి బట్ ఆనించి తల వాల్చినప్పుడు కుడి చెవి తల నీడలోకి పోతుంది, ఎడమ చెవి గొట్టం కొసకు ఎదురుగా వస్తుంది. ఒక చెవి బాగుండి ఇంకోటి పోయినవాడు ఏ భుజం వాడాలన్నది కూడా ఆలోచించాల్సిందేనని దీని అర్థం. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ ఆవిరి బాయిలర్లు చేసే వంద మంది కార్మికుల చెవులు జేబు గడియారం టిక్‌టిక్‌తో పరీక్షించాడు. ఒక్కరికి కూడా వినికిడి సరిగ్గా లేదు. మన బొంబాయి మిల్లులకు అప్పటికి ముప్పై ఏళ్ళు.

చెవి లోపల నత్తగుల్ల ఆకారపు కాక్లియా ఉంది. దానిలో మూడున్నర వేల దాకా లోపలి రోమకణాలు, పన్నెండు వేల దాకా బయటి రోమకణాలు వరసలు తీరి ఉంటాయి. వినేవి లోపలివి. బయటివి కంపనాన్ని పెంచి అందిస్తాయి. చిన్న చప్పుళ్ళను పెద్దవి చేస్తాయి, పెద్దవాటిని అంతగా పెంచవు. దెబ్బ ముందు తగిలేది ఈ బయటి కణాలకే. కోడికి ఇవి చచ్చినా మళ్ళీ మొలుస్తాయి. మనిషికి మొలవవు, జింకకూ మొలవవు.

దెబ్బ పడే చోటు కూడా తెలిసిందే. బయటి చెవి కాలువ పొడవును బట్టి 3,000 హెర్ట్జ్ దరిదాపు శబ్దాలు అందులో సహజంగా ఉబ్బుతాయి, దానికి కాస్త పైన, 4,000 హెర్ట్జ్ దగ్గర, కాక్లియా మొదట దెబ్బతింటుంది. ఆడియోగ్రామ్ గీత అక్కడ గుంటలా దిగి మళ్ళీ లేస్తుంది. ఆ గుంట చూస్తే చప్పుడు చేసిన పనేనని వైద్యుడు దాదాపు ఊహించగలడు. వయసుతో పోయే వినికిడిలో గీత అలా తిరిగి లేవదు, దిగుతూనే పోతుంది.

మన మాటలో అచ్చులు కింది స్థాయిల్లో ఉంటాయి, హల్లుల్లో చాలావాటి గుర్తు పై స్థాయిల్లో ఉంటుంది. అందుకే ఇలాంటి చెవికి తెలుగు వినపడుతుంది గానీ తెలియదు. పాలు, తాలు, కాలు, చాలు అన్నీ ఒకటే అవుతాయి. రాగం అందుతుంది, మాట జారిపోతుంది. "నాకు వినపడుతుంది, మీరే గొణుగుతున్నారు" అని మిల్లు తాత విసుక్కున్నప్పుడు అతను చెప్పేది అతని మటుకు నిజమే.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి రావచ్చు. పోయిన చెవికి పెద్ద చప్పుడు ఏం చేస్తుంది? బయటి రోమకణాలు పోయిన చెవిలో చిన్న చప్పుళ్ళు వినపడవు. కానీ చప్పుడు పెద్దదయ్యే కొద్దీ ఆ చెవికీ మంచి చెవికీ తేడా తగ్గిపోతుంది. 50 డెసిబెల్స్ మాట అందనివాడికి 100 డెసిబెల్స్ కేక అందరికీ వినపడినంత గట్టిగానే వినపడుతుంది. మనవడు "తాతా" అంటే పలకడు, కాస్త గొంతు పెంచగానే "ఎందుకురా అట్ల ఒర్లుతవు" అంటాడు. ఇంట్లోవాళ్ళకు అది పెంకితనంలా కనిపిస్తుంది. అది కాక్లియా పని. మెత్తని చప్పుడుకూ నొప్పి పుట్టించే చప్పుడుకూ మధ్య ఉండాల్సిన చోటు కుంచించుకుపోయింది. వినికిడి తగ్గడమంటే చెవికి దూది పెట్టినట్టు కాదు. దూది దెబ్బను కొంతైనా ఆపుతుంది. తగ్గిన వినికిడి దేన్నీ ఆపదు, గాలి ఒత్తిడి అంతా లోపలికి పోతూనే ఉంటుంది.

పైగా మిగిలిన కణాలు తక్కువ. వాటిలో వందో వెయ్యో పోతే మంచి చెవి ఉన్నవాడు గమనించడు, ఇతని విషయంలో అవే మిగిలిన మాటలు. 2009లో కుజావా, లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన పని ఇంకో పొర విప్పింది. పెద్ద శబ్దం తరవాత వినికిడి హద్దు కొన్నాళ్ళకు మామూలు స్థితికి వచ్చినా, రోమకణాలకూ నాడికీ మధ్య ఉన్న సంధుల్లో దాదాపు సగం శాశ్వతంగా తెగిపోయి కనపడ్డాయి. పరీక్షలో చెవి బాగానే ఉంటుంది, సందడిలో మాట అర్థం కాదు. పటాకి పేలాక చెవిలో గుయ్యిమని మోగి తెల్లారేసరికి తగ్గిపోయిందంటే ఏమీ కాలేదనుకోవడానికి ఈ పరిశోధన తరవాత వీల్లేదు.

ఇక తుపాకి సంగతి. రైఫిల్ చప్పుడు ఒక్కటి కాదు, నాలుగైదు చప్పుళ్ళ కలయిక. అన్నిటికన్నా పెద్దది గొట్టం కొసన పుడుతుంది. మందు కాలి పుట్టిన వేడి వాయువు గుండును తోసుకుంటూ వచ్చి, గుండు బయటపడగానే ఒక్కసారిగా విచ్చుకుంటుంది. రెండోది గుండు స్వయంగా చేసేది. 20 డిగ్రీల గాలిలో శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు, వేట గుండు 800 నుంచి 900 మీటర్లు పోతుంది. తన చప్పుడును తానే దాటిపోయే గుండు దారి పొడుగునా చటుక్కుమనే ఆఘాత తరంగాన్ని ఈడ్చుకుపోతుంది. యంత్రం కదిలే చప్పుడు, గుండు తగిలే చప్పుడు వీటి ముందు చిన్నవి.

గొట్టం కొస చప్పుడును మచ్చిక చేసిన కథలో ఒక తండ్రీ కొడుకులున్నారు. 1884లో మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఏళ్ళ తరబడి దాని పక్కనే నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. వలస పాలకుల సైన్యాల చేతుల్లో ఆ తుపాకి చేసిన పనికి అదో చిన్న పరిహారం అనుకుంటే అనుకోండి. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకి సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్నాడు. గొట్టం చివర గదులున్న డబ్బా. వాయువు ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతూ చల్లబడి, ఒత్తిడి తగ్గి, నెమ్మదిగా బయటికొస్తుంది. బండి సైలెన్సర్ చేసేదీ అదే. ఫాక్‌లాండ్ రోడ్డులో రాత్రిపూట బుల్లెట్ బండి సైలెన్సర్ లోపలి జాలీ పీకేసి పటపటలాడిస్తూ తిరిగే కుర్రాళ్ళకు ఈ సూత్రం తలకిందులుగా తెలుసు.

సినిమాలో సైలెన్సర్ తుపాకి తుస్సుమంటుంది. నిజంలో అది 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 160ని 135 దగ్గరికి తెస్తుంది. అది చిన్న విషయం కాదు, చింపే స్థాయి నుంచి అరగదీసే స్థాయికి దింపడం. కానీ 135 కూడా చెవి మూసుకోవాల్సిన చప్పుడే. గుండు చేసే ఆఘాత తరంగాన్ని సైలెన్సర్ తాకలేదు. అమెరికాలో 1934 చట్టం దీన్ని మెషిన్ గన్లతో ఒకే గాటన కట్టి 200 డాలర్ల పన్ను వేసింది. ఫిన్లండ్, నార్వేల్లో వేటగాడు దీన్ని వాడడం మర్యాద.

ఎంపికలో మిగతా విషయాలు దీన్నుంచే వస్తాయి. మందు ఎంత ఎక్కువైతే వాయువు అంత ఎక్కువ. .300 వించెస్టర్ మాగ్నమ్ చేసే పనిని జింక మీద .243 వించెస్టర్ చేస్తుంది, పెద్దది అనవసరం. గొట్టం పొట్టిదైతే వాయువు ఇంకా ఎక్కువ ఒత్తిడిలో ఉండగానే బయటపడుతుంది, పైగా చెవికి దగ్గరగా. మజిల్ బ్రేక్ అనే రంధ్రాల మూతి భుజానికి తగిలే తన్నును తగ్గిస్తుంది గానీ వాయువును పక్కలకూ వెనక్కూ మళ్ళించి కాల్చేవాడి చెవి దగ్గర 5 నుంచి 10 డెసిబెల్స్ కలుపుతుంది. దుకాణంలో దాన్ని సుఖంగా చూపించి అమ్ముతారు. చెవి తగ్గినవాడు మొదట వద్దనాల్సింది దాన్నే. గుండు వేగాన్ని శబ్ద వేగం కన్నా తగ్గిస్తే ఆఘాత తరంగం పోతుంది, అదే అన్నిటికన్నా నిశ్శబ్దమైన రైఫిల్. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే బరువు గుండు 850 మీటర్ల నుంచి 320కి దిగితే శక్తి ఏడో వంతవుతుంది. చాలా దగ్గర నుంచి, చాలా గురిగా కొట్టకపోతే జింక గాయంతో పొదల్లోకి పోయి చస్తుంది. తన చెవి కోసం దాన్ని అలా చంపడం నాకు ఒప్పుదల కాదు. కొన్ని దేశాల చట్టాలకూ కాదు.

కాబట్టి ప్రశ్నకు సూటి జవాబు: చిన్న తూటా, పొడుగు గొట్టం, బ్రేక్ లేని మూతి, సైలెన్సర్, వాటన్నిటి మీద చెవి కప్పులు. చెవి కప్పులు పెడితే ఆకు మీద అడుగు చప్పుడు వినపడదని వేటగాళ్ళు గొణుగుతారు. ఎలక్ట్రానిక్ కప్పులు దానికి మందు. బయటి మైకు చిన్న చప్పుళ్ళను పెంచి లోపలికి పంపుతుంది, పెద్దది రాగానే కోసేస్తుంది. ఒకరకంగా పోయిన బయటి రోమకణాలు చేసే పనినే అది చేస్తుంది.

మూలం దగ్గర తగ్గించడం, తరవాత దూరం, ఆఖర్న చెవి మీద అడ్డు. తుపాకికి వర్తించిన ఈ వరస సాంచాకూ వర్తించాల్సింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద తప్పక తెలియజేయాల్సిన వృత్తి జబ్బుల పట్టికలో శబ్దం వల్ల వచ్చే చెవుడును చేర్చారు. కానీ మిల్లుల్లో నడిచింది చివరి అంగ, అదీ దూది రూపంలో. 1982 జనవరి 18న దత్తా సామంత్ నడిపిన సమ్మె మొదలై రెండున్నర లక్షల మంది పని వదిలాక మిల్లులు తేరుకోలేదు. నేతపని భీమండి షెడ్లకు తరలిపోయింది, మిల్లులు అమ్ముకున్న పాత నాడె సాంచాలు కూడా వాటితోపాటు. చప్పుడు ఆగలేదు, చట్టం సరిగా అందని చోటికి పోయింది. నాడె లేని రేపియర్ సాంచాల్లో ఆ కర్ర దెబ్బ ఉండదు గనక హోరు కొంత తగ్గుతుంది. సిరిసిల్లలోనూ భీమండిలోనూ వాటి గురించి మాట్లాడేటప్పుడు గజాల లెక్క వస్తుంది, చెవి లెక్క రాదు.

కామాఠీపుర గల్లీలో తుపాకి లేకపోయినా తుపాకి చప్పుడు ఉంది. 1999లో వచ్చిన నిబంధన ప్రకారం, పేలే చోటుకు 4 మీటర్ల దూరంలో 145 డెసిబెల్స్ శిఖరం దాటే పటాకిని చెయ్యకూడదు, అమ్మకూడదు. నాలుగు మీటర్లు అన్న మాట గమనించండి. ఖాళీ మైదానంలో దూరం సగమైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పెరుగుతాయి. 4 మీటర్ల దగ్గర 145 అయితే మీటరు దగ్గర 157, అర మీటరు దగ్గర 163. చట్టానికి పూర్తిగా లోబడిన సుత్లీ బాంబు, చేతి దూరంలో పేలితే, వేట రైఫిలే. గల్లీ మైదానం కూడా కాదు. రెండు వైపులా చాళ్ళ గోడలు చప్పుడును తిప్పి కొడతాయి. అవతలికి జరిగినా మైదానంలో తగ్గినంత తగ్గదు. లడీలకు ఇంకా కఠినమైన లెక్కే ఉంది. N పటాకులు కలిపి కడితే హద్దులోంచి 5 లాగ్ N డెసిబెల్స్ తీసేయాలి, వెయ్యి పటాకుల లడీకి 15. కాగితం మీద చక్కటి నిబంధన. లడీ అంటించేవాడి దగ్గర లాగరిథం పట్టిక ఉండదు.

చిన్నపిల్లలు టిక్లీ పెట్టి పేల్చే ఆట తుపాకి సంగతి కూడా ఇంతే. మందు చిటికెడే, కానీ పిల్లవాడు దాన్ని చెవికి జానెడు దూరంలో పెట్టి పేలుస్తాడు. అక్కడ శిఖరం 140 దాటగలదు.

2005 జులై 18న సుప్రీంకోర్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పటాకులు వద్దంది. 2018 అక్టోబరులో దీపావళి రాత్రి ఎనిమిది నుంచి పది వరకే అంది. ముంబైలో సుమైరా అబ్దులలీ స్థాపించిన ఆవాజ్ ఫౌండేషన్ ఏళ్ళుగా మీటరు పట్టుకుని పండగల చప్పుడు కొలుస్తోంది. కొలత ముఖ్యం, కాదనను. అయితే కోర్టు చెప్పిన ఈ హద్దులు గడియారాన్ని చూసి పెట్టినవి. పటాకి పక్కన నిలబడ్డ చెవి గురించి గడియారం ఏం చెప్తుంది? రాత్రి తొమ్మిదింటికి పేలినా రోమకణం చస్తుంది.

పరీక్షకు మిల్లు తాత దూరం పోనక్కర్లేదు. ముంబై సెంట్రల్‌లో నాయర్ ఆసుపత్రి పక్కనే, అక్కడ వినికిడి విభాగం ఉంది. బాంద్రా రెక్లమేషన్‌లో 1983లో మొదలైన జాతీయ వినికిడి సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా 1976లో పోయిన మనిషి. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి సికింద్రాబాదులో ఉంది గనక ఊరికి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళకూ దారుంది. కేంద్ర ప్రభుత్వపు ఏడిప్ పథకం కింద అర్హులకు వినికిడి యంత్రం ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతుంది. పరీక్షకు వెళ్ళినప్పుడు ఎన్నేళ్ళు సాంచా ఖాతాలో చేశారో, తుపాకో పటాకో చెవి దగ్గర ఎప్పుడైనా పేలిందో చెప్పాలి. గీతలో గుంట ఎందుకుందో వైద్యుడికి అప్పుడు తెలుస్తుంది.

వినికిడి యంత్రం ఇచ్చేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సింది ఒకటుంది. పండగ రోజు దాన్ని ఆపేసి చెవిలోనే ఉంచుకుంటే బిరడాలా పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. మెత్తటి చిల్లుల మూతి ఉన్న యంత్రాల్లో, గాలి ఆడడానికి వెంట్ ఉన్న అచ్చుల్లో, చప్పుడు ఆ దారినే లోపలికి పోతుంది. బాంబులు పేలే సాయంత్రం యంత్రం తీసి డబ్బీలో పెట్టి, చెవుల్లో నురగ బిరడాలు వేలితో నలిపి లోపలిదాకా దోపి, పైన కప్పులు పెట్టుకోవాలి. రెండూ కలిపితే ఒక్కదాని కన్నా 5 డెసిబెల్స్ దాకా ఎక్కువ ఆపుతాయి. కప్పులు లేకపోతే బిరడాలు పెట్టుకుని, మెట్ల మీంచి లేచి పై అంతస్తులో వెనకవైపు ఖోలీలోకి పోవడం మేలు.